కందిపప్పు సంచిలో పొడి పొట్లం

దగ్గరికొచ్చి కూర్చోండి, చెబుతాను. కంప్యూటర్ ప్రోగ్రాం ఎలా రాశారో అందరికీ ఉచితంగా పంచేటప్పుడు, లోపల ఏముందో చూడలేని, ముందే తయారుచేసిన ప్రోగ్రాంను అందులో దూర్చకూడదని మా మనవరాలు ఫోన్లో పోట్లాడుతుంటే నా పాత పోట్లాట గుర్తొచ్చింది.

ఎనభైల్లో సంగతి. ఎవరి కందిపొడి వాళ్లే చేసుకోవాలని, వికారాబాద్‌లో మా ఆడవాళ్ల సంఘం తాండూరు కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, చేసే పద్ధతి రాసిన కాగితం సంచిలో పెట్టి ఇంటింటికీ ఊరికే ఇచ్చేది. ఒకరోజు సంఘం పెద్దక్క ప్రతి సంచిలో తయారైన పొడి పొట్లం కూడా వేసింది.

"గీ పొడి గీ పప్పుతోనే చేసిండ్రా అక్కా?" అన్నాను.

"పిండి మిల్లాయన ఇచ్చిండు. నమ్మకం లేకుంటే రేపటి సంది రాకు."

ఇల్లు దాటి నేను పోయే చోటు ఆ సంఘమొక్కటే. అయినా తగ్గలేదు.

"పోత గని, దంచి సూపెట్టినంకనే పోత" అని అందరి ముందే సంచి విప్పి, వేయించి, రోట్లో దంచాను. రెండు పొడులూ విస్తరిలో పక్కపక్కన పోశాను. నాది ఎర్రగా ఘుమఘుమలాడింది. పొట్లంలోది వట్టి శనగపిండి వాసన కొట్టింది.

పెద్దక్క నాలుక మీద వేసుకుని చూసి, పొట్లాలన్నీ తనే ఏరేసింది. "రేపు జల్ది రా. గీ నోరు గూడ తెచ్చుకో" అంది.

కళ్లముందు దంచనిదాన్ని నేనిప్పటికీ నమ్మను. మీ ఇంటి రోలు చల్లగా మోగాలి, మీ పిల్లల కంచంలో ఏముందో మీకు తెలిసే ఉండాలి.