రెండో చరణం తర్వాత

మా అత్తయ్య కుట్టు అందంగా లేదంటే పోనీలే అని ఊరుకుంటాను. గట్టిగా లేదంటే మాత్రం ఊరుకోను. ఆవిడ వేసిన కుట్టు చచ్చినా ఊడదు. ఆ గట్టిదనమే ఒకసారి కొంప ముంచింది.

మా మేనమామ చర్చిలో నలభై ఏళ్లు హార్మోనియం వాయించాడు. ఆయన భార్యే ఈ అత్తయ్య, బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. మామయ్య పోయినేడు పోయాడు. కొట్లో గుండీలు కుట్టేదీ నేనే, వచ్చినవాళ్ల మీద నోరు పారేసుకునేదీ నేనే.

మా చర్చిలో ఓ పాత పాట ఉంది. ఎంతో దూరం నడిచొచ్చిన మనిషి దేవుడి తలుపు తట్టి, లోపల ఉన్నావా, పలుకుతావా అని అడుగుతాడు. రెండో చరణం చివర, ఆ ప్రశ్న దగ్గర, అందరం టక్కున ఆగిపోతాం. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాతే మూడో చరణం. అది దేవుడి జవాబు కోసం ఎదురుచూపు అని మా పాస్టరు అయ్యగారు ఎన్ని ప్రసంగాలు చేశారో! విన్నప్పుడల్లా అత్తయ్య తల వంచుకుని లేని మడతలు సర్దుకునేది.

ఈమధ్య మామయ్య చోట హార్మోనియం వాయించడానికి కొత్తగా వచ్చిన పాటల మాస్టారు పాత పాటల వెనక కథలన్నీ పుస్తకంగా వేస్తున్నాడు. మంగళవారం మా కొట్టుకొచ్చాడు.

"అమ్మగారూ, అచ్చు పాటల పుస్తకంలో రెండో చరణం తర్వాత ఆగమని ఎక్కడా లేదు. వెనక ఏదైనా కథుంటే సరే, లేకపోతే ఈ ఆదివారం నుంచి ఆపకుండా పాడేద్దాం."

అత్తయ్య మిషను ఆగిపోయింది. అయ్యగారి మాటే చెప్పెయ్యమని బల్లకింద కాలితో పొడిచాను.

"ఏమిటే ఆ తన్నుడు! పోయిన మీ మామయ్య పేరు చెప్పి అబద్ధం ఆడమంటావా?" అని నన్ను కసిరి, మాస్టారి వైపు తిరిగింది. "తప్పు నాదే బాబూ. పెళ్లైన కొత్తలో హార్మోనియం గాలితిత్తి చిరిగింది. జిగురుతో అతికించాల్సినదాన్ని, నా పనితనం చూపిద్దామని రెండు వరసలు దగ్గర దగ్గరగా కుట్టేశాను. సూది దిగిన చోటల్లా చిల్లే కదా! రెండో చరణం అయ్యేసరికి గాలంతా పోయేది. ఆయన ఆగి, తిత్తిని గబగబా కొట్టి, గాలి నిండాక మూడోది ఎత్తుకునేవారు. జనం కూడా పాపం ఆగేవాళ్లు."

మాస్టారు పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"మరి తిత్తి మార్చలేదా?"

"ఏడాదికే మార్పించారు. అయినా ఆగేవారు, నన్ను ఉడికించడానికి. ఆగి, వెనక్కి తిరిగి నేను కూర్చున్న బల్ల వైపు చూసేవారు, అంతా నీ కుట్టు మహిమే అన్నట్టు. 'ఇటేం చూస్తారు, వాయించండి' అని పళ్లు కొరికేదాన్ని. ప్రతి ఆదివారం ఇదే తంతు." అత్తయ్య మిషను మీది గుడ్డ తీసి పక్కన పెట్టింది. "ఆ కాస్తా తీసెయ్యకు బాబూ. ఆయన నాకు మిగిలింది అక్కడే."

మాస్టారి నవ్వు ఆగింది గానీ, మనిషి మహా మొండి. "కథ తప్పకుండా రాస్తానమ్మా. కానీ చిల్లిని సంగీతం అనలేను కదా!" అని వెళ్లిపోయాడు. ఆ వారమంతా అత్తయ్య కుట్టింది విప్పడం, విప్పింది కుట్టడం.

ఆదివారం పాట మొదలైంది. రెండో చరణం ముగిసింది. మాస్టారు ఆపలేదు, వేళ్లు మూడో చరణంలోకి పరిగెత్తాయి. వెనక ఒక్క గొంతు లేస్తే ఒట్టు! పసిపిల్లలతో సహా సంఘమంతా అలవాటుగా ఆగిపోయింది. కాస్త దూరం ఒంటరిగా వాయించి, నాలుక కరుచుకుని, మాస్టారు చేతులు తీసేశాడు. ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిరిగి మా బల్ల వైపు చూశాడు.

ఆ నిశ్శబ్దంలో అత్తయ్య గొంతు ఖంగుమంది.

"ఇటేం చూస్తారు, వాయించండి!"

చర్చంతా గొల్లున నవ్వింది. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ మాట మాస్టారికి కాదని నాకొక్కదానికే తెలుసు. కాదు, మాస్టారికీ తెలుసు. అత్తయ్య నవ్వుతూనే నా భుజం మీద మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ తల ఎత్తేదాకా మాస్టారు మూడో చరణం ఎత్తుకోలేదు.