ముప్ఫై ఎనిమిది డిగ్రీల దగ్గర వెండి

టింగ్. కాసేపాగి మళ్ళీ టింగ్.

గాజు మీద గోరు మీటిన చప్పుడు. అమలాపురంలోని ఆ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లేబు వెనకగదిలోంచి అది వినిపించిందంటే, అద్దాలకు వెండిపూత వేసే రోజని అర్థం. గాజు నిండుగా మోగాలి. నీళ్ళు పోస్తే ఎక్కడా చిట్లకుండా ఒకే పొరగా జారాలి. అప్పుడు గానీ మార్తమ్మ దాన్ని పళ్ళెంలోకి దించదు.

మామిడికుదురు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే లేబ్ అటెండరు ఆవిడ. ఆ ఉద్యోగం ముందు భర్త దానం గారిది. ఆయన పోయాక తొంభై నాలుగులో ఆవిడకిచ్చారు. వెండినీళ్ళు తగిలిన వేళ్ళు నల్లబడతాయి, ఎంత తోమినా పోవు. ఆదివారం ప్రార్థనలో ఆ వేళ్ళను కొంగులో దాచుకునేది.

నీళ్ళలోని వెండి గాజు మీదికి దిగాలంటే కాస్త తీపి తగలాలి. గ్లూకోజు పొడి అయిపోయిన ఒకనాడు ఆవిడ బొండం కొట్టి, నీళ్ళు వడకట్టి పోసింది. వెండి దిగింది. ఆ తర్వాత పొడి కోసం ఎవరినీ అడగలేదు.

రెండువేల మూడులో ప్రియాంక అనే విద్యార్థిని పాడైపోయిన సీడీ ఒకటి తెచ్చింది. పైరేకు టేపుతో లాగేస్తే, ప్లాస్టిక్ మీద కంటికి ఆనని సన్నటి గీతలు మిగిలాయి. మార్తమ్మ దానికి వెండిపూత వేసింది. సబ్బు బుడగంత పల్చని పూత. లేజరు పెన్ను ఎర్రచుక్కను దాని గుండా పంపి, అవతల ఎంత వెలుగు చేరుతోందో మీటరులో చూసింది. సీడీ లోపలి అంచున గీతలుండవు. అక్కడ ముల్లు నాలుగు దాటలేదు. గీతలున్న చోట కొద్దికొద్దిగా తిప్పుతూ పోయింది. నాలుగు. నాలుగు. ముప్ఫై ఎనిమిది డిగ్రీల వాలులో ముల్లు ఉలిక్కిపడి పదకొండుకి లేచింది. నలభైకి మళ్ళీ వాలిపోయింది.

ఒకే ముక్క, ఒకే పూత. మూసిన తలుపులోంచి, ఆ ఒక్క వాలులో మాత్రం, వెలుగు నడిచి వస్తోంది. లేబు రిజిస్టరులో అంకెలు వేసి, కింద తన పేరు రాసింది.

మర్నాడు ఫిజిక్స్ హెడ్డు మంగరాజు గారు రిజిస్టరు తెరిచేరు. చుట్టూ పిల్లలున్నారు.

"ఏమ్మా మార్తమ్మా, రీడింగులు కూడా నువ్వే రాసేస్తున్నావా? రేపట్నించి పాఠం కూడా చెప్పేస్తావేంటి?"

"ఒక్కసారి చూడండి మాస్టారూ. ముల్లు లేస్తందండి."

"సీడీలో రంగులొస్తాయని చంటిపిల్లల్నడిగినా చెబుతారు."

"రంగులు పక్కకి చీలతాయండి. ఇది తిన్నగా వచ్చే చుక్కండి. లేజరుకి ఉన్నదే ఒక్క ఎరుపు కదండీ."

"కొబ్బరినీళ్ళు పోస్తే ఇంకేమవుద్ది? మురికి. పూతకి చిల్లులు పడుంటాయి."

"చిల్లులైతే ఎటు తిప్పినా వెలుగు కారాలి కదండీ? లోపలంచున కూడా కారాలి కదండీ?"

పిల్లల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. మంగరాజు గారి మొహం మాడిపోయింది. ముక్కను అందుకుని బొటనవేలితో ఒక్క రుద్దు రుద్దేరు. వెండి పోయింది. ఎర్రపెన్నుతో రిజిస్టరులో రాసేరు: 'శుభ్రత లోపం. రీడింగులు చెల్లవు.'

మురికి అన్న మాట ఆవిడకి కొత్త కాదు. కూలికి వెళ్ళిన ఇళ్ళలో తనకు విడిగా పెట్టిన గ్లాసు పక్కన నిలబడి, వాళ్ళమ్మ అచ్చాయమ్మ ఆ మాట విన్నది. ఇప్పుడది ఎర్రసిరాతో, తన పేరు పక్కకి వచ్చింది. గాజు మోగేదాకా కడిగే మనిషి పేరు పక్కకి!  

మందులషాపులో గ్లూకోజు కొని మళ్ళీ పూత వేసింది. ముప్ఫై ఎనిమిది దగ్గర ముల్లు లేచింది. "తీరిక లేదమ్మా" అన్నారు మంగరాజు గారు. అప్పటినుంచి పూత వేసిన ప్రతిసారీ ఒక సీడీ ముక్క ఎక్కువ వేసి, బీరువాలో దాచింది. మూడేళ్ళు.

రెండువేల ఆరులో కొత్త లెక్చరరు ప్రవీణ్ కుమార్ ఆ ముక్కలు చూసేడు, ఎర్రరాతా చదివేడు. తనే లేజరు పట్టి చూసి, ఇంకో ముక్క తీసి మళ్ళీ చూసేడు.

"ఇది నిజమేనండీ మార్తమ్మగారూ. ఆ గీతలు రేవు మెట్లలాంటివి. సరైన వాలులో వస్తే వెలుగు వాటి మీదుగా లోహం పైకి దిగి, అలలా పాకి, అవతల మళ్ళీ వెలుగై లేస్తుంది. పైదేశాల్లో దీని మీద పెద్ద పెద్ద పరిశోధనలే జరుగుతున్నాయి."

ఆవిడకి సంతోషం రాలేదు. "అంటే నేను కడిగిన గాజు శుభ్రంగానే ఉందన్నమాట. మూడేళ్ళు పట్టిందాండీ ఆ మాటకి?" అంది.

రిటైరయ్యే వారంలో, ప్రవీణ్ కుమార్ లేజరు పెట్టి పిలిస్తే, మంగరాజు గారు ముల్లు వైపు చూడక తప్పలేదు. "సరేలేమ్మా. వైట్‌నర్ తే, నా రాత తుడిచేద్దాం."

మార్తమ్మ రిజిస్టరు గుండెకి హత్తుకుంది. "తుడవడం మీకలవాటే గానండీ, ఇది మాత్రం తుడవనివ్వను."

ఆయన వెళ్ళిపోయేరు. ఎర్రరాత కిందే ప్రవీణ్ కుమార్ 'సరిచూశాను, 38 డిగ్రీలు' అని సంతకం చేసేడు. పక్కన ఆవిడ తన పేరు మళ్ళీ రాసింది.

ఆవిడ కథ రాసుకోవడానికి నేను వెళ్ళినప్పుడు, ఆ ఎర్రమాట వదిలేయమంటారా అని అడిగితే, నల్లటి వేలు రిజిస్టరు మీద ఆన్చి అంది:

"వదిలేత్తే ఎలాగండీ? ముందు అదే రాయండి. ఆ కిందే ముప్ఫై ఎనిమిదని రాయండి. రెండూ ఒక్క పేజీలోనే ఉండాలండి."