కళ్లు తెరిచి నడిపిన రెండు గంటలు

పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. రెండు గంటల బరువు. మీకు నవ్వొస్తుందేమో. నవ్వండి.

నేను పైలట్‌ని. రాయదుర్గం దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ మీద పాఠాలు చెబుతాను. కేవలం పరికరాలను చూస్తూ విమానం నడిపిన సమయాన్ని లాగ్‌బుక్‌లో విడిగా రాసుకోవాలి. మబ్బుల్లో నడిపితే రాయొచ్చు, లేదా బయట కనబడకుండా నుదుటికి హుడ్ పెట్టుకుని నడిపితే రాయొచ్చు. హుడ్ పెట్టుకున్నప్పుడు పక్కన మరో పైలట్ మన బదులు బయటికి చూస్తుండాలి. అతని పేరూ రాయాలి.

పదకొండేళ్ల కిందట, ఆ రోజు నా పక్కన కూర్చున్నది నర్సింగ్. నాతోపాటే శిక్షణలో ఉన్నవాడు, నాకంటే ఒక బ్యాచ్ జూనియర్. వాళ్ల నాన్న మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. ఉక్కగా ఉందని అరగంటకే హుడ్ తీసేశాను. దిగాక మాత్రం రెండున్నర గంటలు రాసుకున్నాను.

"అన్నా, హుడ్ తీసినవ్ గద. గంత గెట్ల రాస్తవ్?"

"అందరూ రాసేదేనయ్యా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూసిన గదన్నా."

నర్సింగ్ తన పుస్తకంలో, నా బదులు బయటికి చూసింది అరగంటేనని రాసుకున్నాడు. రెండు పుస్తకాలూ కలవడం లేదేమిటని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ పిలిచి అడిగితే, నేనేమన్నాను? నర్సింగే తప్పు రాశాడండీ అన్నాను. సీనియర్‌ని కదా, నా మాటే నెగ్గింది. అతని లైసెన్సు కాగితాలు ఆపేశారు. ఆ ఏడాది ఉద్యోగాలన్నీ అతన్ని దాటిపోయాయి. తర్వాత అతనే రావడం మానేశాడు.

నాకు పని రాదని ఎవరైనా అంటే ఇప్పటికీ కొట్లాటకు దిగుతాను. నిండు వానాకాలంలో, రెక్క చివర కూడా కనబడని మబ్బుల్లోంచి, పరికరాలను నమ్ముకుని ఎన్నిసార్లు విమానం దించలేదు? మరి అంత పనిమంతుడికి ఆ రెండు గంటలు ఎందుకు కావాల్సి వచ్చాయి, ఇంకో పూట ఆ హుడ్ పెట్టుకుంటే సరిపోయేది కాదా? సరిపోయేది. బద్ధకం. అంతే. ఇంతకంటే గొప్ప కారణం వెతికి మీ ముందు పెట్టను.

మొన్న ఒక అమ్మాయి, కాస్త మంచుగా ఉండింది సార్, నేల కనబడుతూనే ఉంది గానీ ఆ గంట పరికరాల లెక్కలో రాసుకోవచ్చా అని అడిగింది. గది అదిరేలా అరిచాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు.

నిన్న లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకు అంతా రాసి పంపాను. పోతే పోనీ. నర్సింగ్‌కు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు. "ఇగ ఇప్పుడెందుకన్నా" అని పెట్టేశాడు.

మీరూ నన్ను క్షమించకండి. నేను అడగడం లేదు. ఆ రోజు తప్పు రాసింది నర్సింగ్ కాదు, నేను.