ఎర్రమూత, తెల్లమూత

మరిది పోయినప్పటి నుంచి అతని భార్యకు పన్నెండు గొర్రెలే ఆధారం. నావీ పన్నెండే. దారికి ఇటు నా దొడ్డి, అటు ఆమెది.

రెండేళ్ల కిందట, జూన్ మొదటి సోమవారం, పశువుల డాక్టరు రెండు సీసాలు తెచ్చినాడు. గొర్రెలకు వచ్చే పారుడు రోగానికి సూది కాకుండా ముక్కులో చుక్కలు వేసి చూస్తారట.

"ఉత్త టీకా ముక్కులో నిలవదమ్మా, జారిపోతుంది. పాలకు తోడు వేసినట్టు దీనికీ ఒకటి కలిపితే ఒంటికి పడుతుందేమోనని చూస్తున్నాం" అన్నాడు. కలిపింది ఎర్రమూత సీసాలోనా, తెల్లమూత సీసాలోనా చెప్పలేదు. ఒక గొర్రెకు తెల్లది, తర్వాతి దానికి ఎర్రది వేస్తూ పోయినాడు.

ఎవరివి ముందనే తగవు రాకూడదని వరుస నేనే పెట్టినాను. ఒకటి ఆమెది, ఒకటి నాది.

"చూడప్పా, మా అక్క గొర్రెలను బడిపిల్లోళ్ల మాదిరి నిలబెట్టింది" అని ఆమె నవ్వింది.

ఇరవై నాలుగూ అయ్యేసరికి పదిన్నర. చెవిబిళ్లల నంబర్లు, మూతల రంగులు పుస్తకంలో రాసుకున్నాను. రాసేటప్పుడు కూడా నాకు తట్టలేదు.

ఆగస్టులో రోగం వచ్చింది. పదకొండు రోజుల్లో ఆమెవి తొమ్మిది పోయినాయి. నాది ఒకటి. తొమ్మిదోదాన్ని పూడ్చి వచ్చి పుస్తకం తెరిచినాను. ఆమెవన్నీ తెల్లమూత. నావన్నీ ఎర్రమూత.

డాక్టరు వచ్చి పుస్తకం చూసినాడు. "కలిపింది ఎర్రమూతలోనే. కానీ ఎర్రవన్నీ ఒక దొడ్డి, తెల్లవన్నీ ఒక దొడ్డి అయిపోయినాయి. తేడా మందుదో, దొడ్డిదో ఎట్లా చెప్పేది? ఈ లెక్క పనికిరాదమ్మా."

అదంతా ఆమెకు చెప్పినాను. దాచలేదు.

"అయితే నా గొర్రెలను తినింది నీ వరుసా, నా దొడ్డా?"

"తెలియదే."

"అన్నీ రాస్తావు కదక్కా, అదొక్కటి రాసుకోలేదా?"

మిగిలిన మూడూ అమ్మేసి ఆమె ఉపాధి పనికి పోతోంది. నా పదకొండులో ఐదు తీసుకోమన్నాను.

"మళ్లీ ఒకటి నీది, ఒకటి నాదా? వద్దులే. యాడ కట్టేసేది? నా దొడ్డి ఇంకా కంపు కొడతాండాది."

అయినా ఐదింటి నంబర్లు ఆమె పేరు కింద రాసినాను. రోజూ సాయంత్రం దొడ్డి తలుపు వేసే ముందు లెక్కబెడతాను. ఆరు నావి, ఐదు ఆమెవి. ఆమె ఇంతవరకు చూడటానికి రాలేదు.