అక్కయ్య జెముడు, నా కడుపుమంట

కొత్తగా కాపురానికొచ్చిన ఆ రోజుల్లో నాకు ఆస్తి అంటూ ఉన్నది ఒక్క పేరే: మొక్కల పిల్ల అని. మా పుట్టింటివాళ్ళకి ఆగిరిపల్లి దగ్గర మామిడితోట ఉంది. నడక రాకముందే అంటుమొక్కలకి నీళ్ళు పోశానని మా నాన్న చెబుతుంటాడు (అబద్ధమే, కానీ నాకు ఇష్టమైన అబద్ధం). నూజివీడులో మా అత్తవారిది మామిడికాయల వ్యాపారం. నేను వెళ్ళేసరికే ఆ ఇంట్లో ఒక పెద్దకోడలు ఉంది. ఆవిణ్ణి అక్కయ్యా అని నోరారా పిలిచేదాన్ని, లోపల మాత్రం భగ్గున మండేది. ఎందుకు మండదండీ? ఆవిడ పులిహోర కలిపితే వీధంతా ఘుమఘుమ. ఆవిడ ముగ్గు వేస్తే పక్కింటివాళ్ళు ఫోన్లో ఫొటో తీసుకునేవాళ్ళు. నేను వేస్తే మా ఆయన చూసుకోకుండా దాని మీద బండి నిలబెట్టేవాడు. ఇక నాకు మిగిలినవి మొక్కలే. పెరట్లో కరివేపాకు వాడిందంటే అత్తయ్యగారు "చిన్నమ్మాయిని పిలవండి" అనేవారు. ఆ ఒక్క మాట కోసం ప్రాణం పెట్టేదాన్ని.

ఒకరోజు మావయ్యగారు నర్సరీ నుంచి రెండు జెముడు మొక్కలు తెచ్చారు. కుండీలో పిల్లరులా నిటారుగా, పలకలు పలకలుగా, అంచుల వెంట ముళ్ళతో ఉన్నాయి. రెండూ మూరెడు పొడుగే. "సీజన్లో నలుగురి కళ్ళూ మన ఇంటిమీద పడతాయి. దిష్టికి మంచిది, డాబా మీద చెరో మూలా పెట్టండమ్మా" అన్నారు. (బయటివాళ్ళ దిష్టి సంగతేమోగానీ, ఇంట్లోనే ఉన్న దిష్టి సంగతి పాపం ఆయనకి తెలీదు.) "మొక్కల గురించి నాకేం తెలుసు మావయ్యగారూ, రెండూ చెల్లికే ఇచ్చెయ్యండి" అంది అక్కయ్య. "నీది నువ్వు పెంచు, చిన్నమ్మాయిది చిన్నమ్మాయి పెంచుకుంటుంది" అన్నారాయన. నాకు లోలోపల పండగే. దొరికావు అక్కయ్యా, అనుకున్నాను.

నాకు తెలిసిన పెంపకం మామిడి అంటు పెంపకం ఒక్కటే. అచ్చం అలాగే పెంచాను. ఎండ తగలకుండా తాటాకు నీడ కట్టాను. పొద్దున చెంబుడు, సాయంత్రం చెంబుడు నీళ్ళు, వారానికోసారి పేడనీళ్ళు, మధ్యలో వేపపిండి. బలానికని బెల్లం నీళ్ళు కూడా పోశాను. చీమలు బారులు తీరి వచ్చి దీవించి వెళ్ళాయి. అక్కయ్య తన కుండీని నీళ్ళ ట్యాంకు పక్కన మిటమిటలాడే ఎండలో పెట్టి మర్చిపోయింది. ఆరేసిన చీర ముల్లుకి తగులుకుంటే తప్ప దాని ఊసే ఉండేది కాదు. చలికాలం వచ్చేసరికి ఆవిడది నా నడుముదాకా లేచింది. నాది మూరెడు దగ్గరే లేత పసుపు రంగులో బిక్కమొహం వేసుకుని నిలబడింది. టైలర్ టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను. టేపుదే తప్పేమోనని దర్జీ దగ్గర ఇంకోటి అడిగి తెచ్చి మరీ కొలిచాను. ఒకరోజు డాబా మీదికొచ్చిన పక్కింటావిడ "ఈ పొడుగాటిది చిన్నకోడలిదే అయ్యుంటుంది" అంది. "కాదండీ, పెద్దదానిది. దాని చెయ్యి మంచిది" అన్నారు అత్తయ్యగారు. చెయ్యి మంచిదిట! ఆ చేత్తో ఒక్కరోజైనా నీళ్ళు పోసిందా అని అరవాలనిపించింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మాఘమాసంలో అక్కయ్య పురిటికి బాపులపాడులోని పుట్టింటికి వెళ్ళింది. కారెక్కుతూ నా చెయ్యి పట్టుకుని "నా మొక్కకి కూడా కాసిని నీళ్ళు పోస్తుండు చెల్లీ. నిన్ను నమ్ముకునే వెళ్తున్నా" అంది. "అలాగే అక్కయ్యా, నువ్వు బెంగపడకు" అన్నాను. ఆ వేసవంతా దానికి ఒక్క చుక్క పొయ్యలేదు. పోతే ఎండలకి పోయిందని చెబుదామనుకున్నాను. నా దానికేమో ఇంకో చెంబు పెంచాను. మధ్యలో రెండు గాలివానలు వచ్చాయి. తోటల్లో కాయంతా రాలిపోయిందని మావయ్యగారు తల పట్టుకు కూర్చుంటే, అక్కయ్య మొక్క మాత్రం ఆ రెండు వానలూ తాగి ఇంకో జానెడు పెరిగింది. అంత బాధలోనూ నాకు ముందు కనబడింది ఆ జానెడే. వారం తిరక్కుండా ఒక పొద్దున నా మొక్క మొదట్లో వేలితో నొక్కి చూశాను. వేలు లోపలికి దిగిపోయింది. మర్నాటికి అది పిట్టగోడ మీదకి వాలిపోయి ప్రాణం వదిలింది. ఎవరూ చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తొలకరి పడ్డాక అక్కయ్య పాపతో తిరిగొచ్చింది. అందరం డాబా ఎక్కాం. ఆవిడ తన మొక్కని చూసింది, ఖాళీగా ఉన్న నా కుండీని చూసింది. కళ్ళనిండా నీళ్ళు. "నీది పోతున్నా చూసుకోకుండా నాది కాపాడావా చెల్లీ!" అని నన్ను వాటేసుకుంది. అత్తయ్యగారు కూడా కళ్ళొత్తుకుని "తోడబుట్టింది కూడా ఇంత చెయ్యదు" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. అక్కయ్య "ఇకనుంచి ఇది నీదే" అని కుండీని నా మూలకి జరిపించింది. పొద్దున లేచి డాబా ఎక్కితే చాలు, పోలీసోడిలా అది ఎదురుగా నిలబడి ఉండేది.

ఏడాది ఓర్చుకున్నాను. మరుసటి వేసవిలో ఇద్దరం డాబా మీద మామిడి ఒరుగులు ఎండబెడుతుంటే కక్కేశాను. "అక్కయ్యా, నీ మొక్కకి నేను చుక్క నీళ్ళు పొయ్యలేదు. అది చావాలనే పొయ్యలేదు. నువ్వంటే నాకు అంత కడుపుమంట." ఆవిడ నా మొహంలోకి చూసి పకపకా నవ్వింది. "ఊరుకోవే! పొగిడితే నీకెంత సిగ్గే! అత్తయ్యగారూ, విన్నారా, చేసిన మంచి దాచుకోడానికి ఎన్ని కథలు చెబుతోందో!" మెట్ల మీంచి అత్తయ్యగారు "అది పుట్టింటివాళ్ళ పెంపకంలే" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పినా నమ్మరా!

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇంటికొచ్చే ప్రతి కొత్తకోడలికీ అత్తయ్యగారు ఈ కథ చెబుతారు, అక్కయ్య నావంక మురిపెంగా చూస్తుంది, నేను తల దించుకుంటాను (దాన్నీ వినయమనే అనుకుంటారు). టేపు పట్టుకుని డాబా మీద తచ్చాడిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆరోజు అక్కయ్య నమ్మి నాలుగు తిట్టుంటే అక్కడితో తేలిపోయేది. నమ్మలేదు గనక, ఆవిడ అనుకున్నంత మంచిదానిలా ఉండడానికి అప్పట్నుంచీ నానా తంటాలూ పడుతున్నాను. ఒక్కోరోజు కుదురుతుంది కూడా.