వెండి మొలతాడు

మా నాయన కుళ్ళాయప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. 2006లో ఆయనకు కడుపులో క్యాన్సరని తేలింది. అది కాలేయానికి పాకలేదని తెలిస్తేనే ఆపరేషన్ చేస్తానని, ముందు సీటీ స్కాన్ తీయించుకు రమ్మని డాక్టరు చెప్పినాడు. హిందూపురం పోయినాం.

స్కాన్ తీసే ఆయన మా నాయన నడుముకున్న వెండి మొలతాడు చూసినాడు. "ఇది తీసేయాల పెద్దాయనా. వెండి అడ్డమొస్తే కడుపు సరిగా కనపడదు" అన్నాడు.

మా నాయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మొలతాడు తీసేది పీనుగుకప్పా! నేనింకా బతికే ఉండా!" అని బల్ల దిగేసినాడు. నేను బతిమాలినా, తిట్టినా. ఊహూ, వింటేనా!

మా అమ్మ తన చీర కొంగు కుచ్చులోంచి పట్టుపోగులు లాగి, పురిపెట్టి, ఆయన నడుముకు కట్టింది. ఆ చీర ఆయన నేసిందే. "ఇంగ వెండిది తీయి. నడుము బోసిగా లేదు కదా" అనింది. మా నాయన తీసిచ్చి, మళ్ళీ బల్లెక్కినాడు.

మరుసటి రోజు డాక్టరు స్కాన్ ఫిల్ములు లైటుకు పెట్టి చూసినాడు.

"కాలేయం బాగుంది. యాడికీ పాకినట్టు లేదు. కడుపు కోసి గడ్డ తీసేయొచ్చు" అన్నాడు.

అంతే! మొలతాడు తీస్తే పీనుగునైపోతానన్న మనిషి, కడుపు కోస్తామంటే కుర్చీలోంచి ఎగిరి లేసి డాక్టరు చేతులు పట్టుకున్నాడు.

"ఎప్పుడు కోస్తావు సామీ?"