కళింగపట్నం ఇంట్లో లివర్‌పూల్ ఫోటోలు

విజయనగరంలో నాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్ అయిపోతే ఎక్కువగా వచ్చేవి పాత ఫోటోలే. చిరిగినవీ, చెద తిన్నవీ తెస్తారు. కంప్యూటర్‌లో బాగుచేసి కొత్త ప్రింటు ఇస్తాను. పోయిన వేసవిలో సునీత అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతోంది, సొంతూరు కళింగపట్నం. వాళ్ల అమ్మమ్మ దగ్గర రెండో ప్రపంచయుద్ధ కాలం నాటి ఇంగ్లండు ఫోటోలు, లివర్‌పూల్ అనే రేవు ఊరివి, ఉన్నాయట. ఒకదాంట్లో అమ్మమ్మ తండ్రి ఉన్నాడట, ముఖం మాత్రం చెరిగిపోయిందట. "ఫోటోలు ఇల్లు దాటనివ్వదు మేడమ్, మీరే రావాలి. అమ్మమ్మకి నీటికాసులు. చూపు ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పేశారు. ఈలోగా వాళ్ల నాన్న ముఖం చూడాలంటోంది," అంది. మన సముద్రపొడ్డు ఊళ్లో లివర్‌పూల్ ఫోటోలు ఉండటమేమిటో చూద్దామని కూడా అనిపించింది. లాప్‌టాప్, స్కానరు సంచిలో పెట్టుకుని ఒక ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకల్లా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు దొరికింది. రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా రెండు గంటల లోపే చేరుకున్నాను. అక్కణ్ణుంచి కళింగపట్నానికి నేరుగా బస్సులు ఉన్నాయి. నేను దిగేసరికి ఒకటి వెళ్లిపోవడంతో గార మీదుగా వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. బస్సూ ఆటో కలిపి రానూపోనూ మూడు వందలు దాటలేదు. ఆ రోజు ఎండ లేదు, వానా లేదు. ఆకాశం మబ్బుపట్టి, వంశధార నీళ్లు కూడా అదే రంగులో ఉన్నాయి. పాత ఓడరేవు ఎటువైపని డ్రైవరును అడిగాను. "పోర్టా? మా తాత సెప్పీవోడు, పెద్దపెద్ద ఓడలు నిలబడీవట. ఇప్పుడేటున్నాది మేడమ్, ఇసక. లైట్‌హౌసు కాడ ఫోటోలు దిగీసి ఎలిపోతారందరూ," అన్నాడు. బీచి దగ్గర దింపుతానన్నాడు గానీ, నేను ఊళ్లోనే దిగాను.

సునీత రోడ్డు మీదకొచ్చి తీసుకెళ్లింది. అమ్మానాన్నలు జీడితోట పనికి వెళ్లారట. వీధి గుమ్మంలో, వెలుతురు పడేచోట, నులకమంచం మీద అమ్మమ్మ సూరమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. నా మాట వినబడ్డ వైపు తల తిప్పి, "దగ్గరికి రా తల్లీ, దూరంగా ఉంటే నువ్వు నాకు నీడనాగ అవుపిస్తావు," అంది. చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. టీ తాగుతుండగానే తన తండ్రి కథ చెప్పింది. తాను తల్లి కడుపులో ఉండగా తండ్రి కలకత్తా వెళ్లి, ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. లివర్‌పూల్‌లో ఓడ ఆగినప్పుడు, జబ్బుపడి అక్కడే ఉండిపోయిన తోటి పనివాడి దగ్గర ఈ ఫోటోలు ఉంచి మళ్లీ ఓడెక్కాడు. ఆ ఓడ ఏ రేవుకూ చేరలేదు. యుద్ధం అయిపోయాక ఆ తోటి మనిషే వాటిని తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. అవి ఎవరు తీశారో తల్లికీ తెలియదట.

పాత చీర ముక్కలో చుట్టిన ఫోటోలు విప్పింది. అన్నీ అరచేతిలో పట్టేంతవి. ఇంగ్లండు అంటే మనకు గుర్తొచ్చేవేవీ వాటిలో లేవు. బాంబులకు సగం కూలిన మేడ. మిగిలిన సగంలో, మూడో అంతస్తు గోడకు ఇంకా వేలాడుతున్న కోటు. ఇటుకల గుట్టల మధ్య నుంచి పాలసీసాలు మోసుకెళ్తున్న మనిషి. పైకప్పు లేని చర్చి. అద్దాలన్నీ పగిలిన కొట్టు ముందు బల్ల వేసుకుని కూరగాయలు అమ్ముతున్న ఆడమనిషి. ఒక ఫోటో దగ్గర సూరమ్మ వేలు ఆగింది. అందులో ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని గడప కడుగుతోంది. గడప వెనక ఇల్లు లేదు. "మా యమ్మ ఇది సూసినప్పుడల్లా అనీది, ఇల్లు పోనాక గడప కడగడమేటే అని. మొన్న తిత్లీ తుపాను ఎలిపోనాక నానూ అదే సేసినాను తల్లీ. రేకులన్నీ ఎగిరిపోనాయి. ఏటి సెయ్యాలో తెలీక వాకిలి తుడుసుకుంటా కూకున్నాను," అంది.

చివరి ఫోటోలో టీ పోసే బండి ముందు జనం వరుసలో నిలబడి ఉన్నారు. వరుస మొదట్లో కాలరు ఎత్తిన కోటు వేసుకుని, మెడచుట్టూ తువ్వాలు లాంటి గుడ్డ చుట్టుకున్న ఒక మనిషి. మెడ పైన ఏమీ లేదు, తెల్లటి కాగితం. "ఈడే మీ నాన్న అని మా యమ్మ సూపించింది. సిన్నప్పుడు మొకం ఉండీది. సూసినాను గానీ గురుతు లేదు," అంది సూరమ్మ. ఎలా పోయిందని అడిగాను. తండ్రి వస్తాడని తల్లి ఎన్నో ఏళ్లు బొట్టు తుడుచుకోలేదట. ఇక రాడని తెలిశాక ఒక పెద్దల పండక్కి ఈ ఫోటోలో ఆయన ముఖానికి కుంకుమ పెట్టింది. అప్పటినుంచి ఏటా పాత బొట్టు తడిగుడ్డతో తుడవడం, కొత్తది పెట్టడం. తల్లి పోయాక సూరమ్మ చేసింది. "మా యమ్మ కొంత, నాను కొంత. ఇద్దరం కలిసి తుడిసీసినాం తల్లీ."

ఫోటోను స్కాన్ చేసి, ఎంత పెద్దది చేయవచ్చో అంత చేసి చూశాను. వెలుతురు మార్చాను, రంగులు మార్చాను. కాగితపు పోగులు తప్ప ఏమీ లేవు. సునీత నన్ను పెరట్లోకి పిలిచింది. "ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి కదా మేడమ్. ఏదో ఒక ముఖం పెట్టి ఇచ్చేయండి. ఆవిడకేం తెలుస్తుంది?" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి కాదనలేక ప్రయత్నించాను. నిమిషంలో ముఖం వచ్చేసింది. నున్నటి చెంపలు, తీర్చిన మీసం. ఎవరి ముఖమూ కాదది. వాళ్ల నాన్న అని చెప్పి దాన్ని సూరమ్మ చేతిలో పెడితే, చూపు పోయాక ఆమె లోపల మిగిలేది ఆ ముఖమే. నాకు చేతులు రాలేదు. తీసేశాను.

గుమ్మంలోకి వచ్చి ఉన్నమాటే చెప్పాను. "మామ్మా, ముఖం రాదు. నేను గీసిస్తే అది ఇంకెవరిదో అవుతుంది."

"మరెందుకొచ్చినావు?" అంది సూరమ్మ. కోపంగా కాదు. నిజంగానే అడిగింది. సునీత లోపలికి వెళ్లిపోయింది. నేను స్కానరు సర్దుతుంటే లాప్‌టాప్ తెర మీద ఫోటో కింది సగం కనిపించింది. ఆ చేతులు నేనంతవరకు పట్టించుకోలేదు. ముఖం దగ్గరే ఉండిపోయాను. చేతుల్ని తెర నిండా చేసి మంచం మీద పెట్టాను. సూరమ్మ ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగింది. రెండు చేతులూ కప్పును చుట్టి పట్టుకున్నాయి. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గోళ్ల అంచుల్లో నలుపు.

"బొగ్గు," అంది. ఇంకాసేపు చూసింది. "రెండు సేతుల్తోటీ ఎందుకు పట్టుకున్నాడు? టీ కప్పేగదా."

"అక్కడ బాగా చలి మామ్మా. వేడి కోసం."

"సలేస్తన్నాదా మా నాన్నకి?" అంది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదులుతుంటే అలాగే ఉండిపోయింది. సునీత వచ్చి పక్కన కూర్చుంది.

మూడు గంటల బస్సుకు తిరిగి వచ్చేశాను. శాలిహుండం బౌద్ధ స్తూపాలు దారికి దగ్గరే. ఉదయం బయలుదేరిన వాళ్లు సాయంత్రానికి అవీ, బీచీ హాయిగా చూసుకోవచ్చు. నాకు ఆ రోజు కొండెక్కే మనసు లేకపోయింది. ఆ చేతుల ఫోటో పెద్ద ప్రింటు తీసి కొరియర్‌లో పంపాను. రోజూ మధ్యాహ్నం గుమ్మంలో పెట్టుకుని చూస్తోందని సునీత చెప్పేది. దీపావళి దాటాక మళ్లీ ఫోన్ చేసింది, అమ్మమ్మకు ఇప్పుడు వెలుతురు కూడా తెలియడం లేదని. ఆ వరుసలో నిలబడ్డ మనిషి నిజంగా ఆమె తండ్రేనా అంటే నేను చెప్పలేను. ఏ దేశపు ఓడ కూలీ అయినా కావచ్చు. ఎవరైనా కానీ, చలిలో ఇళ్లు కూలిన వీధిలో నిలబడి టీ తాగాడు. ఎనభై ఏళ్ల తర్వాత కళింగపట్నంలో ఒక కూతురు ఆ చలికి ఏడ్చింది. నేను చూసింది అంతవరకే.

మీ ఇంట్లో పాత ఫోటోలు ఉంటే, పెద్దవాళ్ల చూపు ఉండగానే పక్కన కూర్చుని ఎవరెవరో అడగండి. పేర్లు వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో రాయండి. పెన్ను వద్దు, సిరా కొన్నాళ్లకు ముందువైపుకు దిగుతుంది.